పింకీ మువ్వ

ఏప్రిల్ 17, 2011, ఆదివారం

ఓనర్లు ఈ పొద్దున గుంటూరు వెళ్ళిపోయారు. పట్టాభి గారికి మోకాలి ఆపరేషన్ అట. హైదరాబాదులో దవాఖానలు లేవా? అసలు సంగతి నాకు తెలుసు. పోయిన నెల ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలడం టీవీలో చూసినప్పటి నుంచి ఆయన గేటుకు రెండో తాళం వేయడం మొదలుపెట్టాడు. రెండు తాళాల వెనక కింద వాళ్ళు, మేడ మీద రేకుల కింద మేము. కొత్తపేటలో ఈ ఇంటికి పునాది తవ్విన కూలీలు మా నల్లగొండ నుంచి వచ్చినవాళ్ళే అయి ఉంటారు. దీని మీద ఒక కరపత్రం రాయాలి.

కుక్కను మాకు వదిలి పోయారు. పింకీ. తెల్ల పొమెరేనియన్. బస్సులో ఎక్కనివ్వరు, కారులో అంత దూరం ఎండకు తట్టుకోలేదు, వానలు పడగానే వచ్చేస్తాం అంటూ ఆయన భార్య నాగేశ్వరి ఆంటీ అమ్మ చేతులు పట్టుకుంది. అమ్మ కరిగిపోయింది. అమ్మను కరిగించడానికి ఎండ అక్కర్లేదు.

తర్వాత నాకు పాఠం. కుక్కను చూసుకోవడానికి పాఠం!

"తెల్లారకముందు ఓసారి, పొద్దుగూకాక ఓసారి తిప్పు నాయనా. మధ్యలో గేటు దాటించొద్దు. తిప్పబోయే ముందు నీ చెప్పులు విప్పి రోడ్డు మీద నిలబడి చూడు. నీకు కాలితే దానికీ కాలినట్టే. దానికి చెప్పులుండవుగా."

"సరే ఆంటీ."

"బొచ్చు కత్తిరించొద్దు. నీళ్ళ తొట్టి నీడలో పెట్టు. మధ్యాహ్నం ముందుగదిలో కూలర్ వెయ్యి, తాళంచెవి ఇస్తున్నా. దానికి మనలాగా ఒంటికి చెమట పట్టదయ్యా. నాలుక బయటపెట్టి రొప్పుతుందే, అదే దానికి విసనకర్ర. రొప్పుతోందని కంగారుపడకు. రొప్పలేకపోతే కంగారుపడు."

కుక్కకు కూలర్. మా అమ్మ మధ్యాహ్నం రేకుల కింద తడి చీర కప్పుకొని పడుకుంటుంది. ఈ మాట ఆంటీ మొహం మీదే అనాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆలోగా పట్టాభి గారు సూట్‌కేసు ఎత్తలేక మెట్టు మీద కుంటుతుంటే నేనే మోసుకెళ్ళి కారులో పెట్టాను. అది వేరే విషయం.

ఏప్రిల్ 18

కూలర్ వేయలేదు. సిద్ధాంతం అంటే సిద్ధాంతమే.

ఏప్రిల్ 19

దిల్‌సుఖ్‌నగర్‌లో తెలంగాణ జేఏసీ మీటింగ్ నుంచి ఎండన పడి వచ్చేసరికి కింద ముందుగదిలో కూలర్ తిరుగుతోంది. చాప మీద అమ్మ, అమ్మ కాళ్ళ దగ్గర కుక్క. ఇద్దరూ మంచి నిద్ర. లేపి కొట్లాడాను.

"కూలర్ ఎవలిదే? వాళ్ళది. మనం ఏండ్లకేండ్లు రేకుల కింద ఉడుకుతుంటె పట్టనోళ్ళు, కుక్కకు గాలి పెట్టమని తాళంచెవి ఇచ్చి పోయిన్రు. నీకు అర్థమైతలేదా?"

"అయితుందిరా. దానికి గాలి పెడితె నాకు సుత వస్తుంది గద. నువ్వు సుత జర ఒరుగు."

"నీకు ఆత్మగౌరవం లేదా అమ్మా?"

"ఉన్నది బిడ్డా. జరుగు, గాలికి అడ్డం నిలవడ్డవ్."

అమ్మ పేరు సుమిత్రమ్మ అని కాదు, ఓర్పమ్మ అని పెట్టాల్సింది. ఈ ఓర్పే మా కొంప ముంచింది, మా జిల్లాల కొంప ముంచింది. కుక్క లేచి నా చెప్పులు వాసన చూసి మళ్ళీ పడుకుంది.

ఏప్రిల్ 22

ఆంటీ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. అమ్మకు కాదు, నాకు కాదు, కుక్కకు. "దాని చెవి దగ్గర పెట్టు నాయనా" అంటుంది. అక్కడి నుంచి "పింకమ్మా!" అనగానే ఇది తల ఒక పక్కకు వంచి, ఫోన్‌ను నాకి, గదంతా పరుగులు. మెడలో పట్టీకి ఒక ఇత్తడి మువ్వ. అది మోగుతుంటే ఆంటీ నవ్వుతుంది. "మువ్వ వినపడిందిలే, నాకది చాలు."

వెనక నుంచి పట్టాభి గారి గొంతు: "వాడి గ్రూప్-టూ ఎక్కడిదాకా వచ్చిందో అడుగు."

నేను కోచింగ్ మానేసి నాలుగు నెలలైంది. మా ఉద్యోగాలు మాకు వచ్చిన రోజున రాస్తాను పరీక్ష. "చదువుతున్న అంకుల్" అన్నాను.

ఏప్రిల్ 26

చెప్పులు విప్పి రోడ్డు మీద నిలబడ్డాను. ఆంటీ చెప్పిందని కాదు, నిజమో కాదో చూద్దామని. పొద్దు పోయాక కూడా తారు కింద ఎవరో పొయ్యి పెట్టినట్టుంది. పింకీ గేటులోనే ఆగి నా మొహం చూస్తోంది. ఇంకొంచెం సేపు ఆగి తిప్పాను.

ఫ్రూట్ మార్కెట్ దాకా పోయాం. మామిడి లారీలు దిగుతున్నాయి. పెట్టెల్లోంచి తీసి పారేసిన వరిగడ్డి ఇంత తెచ్చి, గోనె సంచిలో కుక్కి, నీళ్ళు చల్లి కూలర్ ముందు వేశాను. కరెంటు పోయినప్పుడు దాని మీద బోర్లా పడుకొని నాలుగు కాళ్ళూ చాపింది. మామిడిపండ్ల వాసన వేస్తోంది కుక్క.

ఏప్రిల్ 30

పింకీకి "జై" నేర్పాను. నేను "జై తెలంగాణ" అనగానే ముందరి కుడికాలు ఎత్తుతుంది. మూడు బిస్కెట్ పాకెట్లు అయ్యాయి కానీ నేర్చింది. ఆంధ్రా ఓనర్ల కుక్క, గుంటూరు తెలుగులో ముద్దు చేయించుకున్న కుక్క, జై తెలంగాణ అంటే చెయ్యెత్తుతోంది. నోరున్న మనుషులకు ఎన్ని కరపత్రాలు పంచినా ఎక్కలేదు.

నాయిన బండి పెట్టి వచ్చాక చూపించాను. నాయిన ఎల్‌బీ నగర్ నుంచి హయత్‌నగర్‌కు సెవెన్ సీటర్ ఆటో నడుపుతాడు, రోజంతా ఇంజిన్ మీద కూర్చొని వచ్చి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. ఇవాళ చూసి పడీపడీ నవ్వాడు. "ఏం మట్టయ్యా, నీ కొడుకు నౌకరి జేస్తుండా అంటే ఏమో అనుకున్న. మాస్టర్ అయిండు పో" అని తనను తానే పేరుతో పిలుచుకొని చెప్పుకున్నాడు.

వెక్కిరింపే. అయినా ఆ నవ్వు విని ఎన్నాళ్ళయింది.

మే 3

పేపర్లో మళ్ళీ ఒక పిల్లవాడి ఫోటో. నా వయసే. తెలంగాణ రాదని దిగులుపడి ప్రాణం తీసుకున్నాడట. వీడి ఊరూ మా జిల్లానే.

పేపర్ పక్కన పెట్టి కింద గదిలో కూర్చున్నాను. తెలంగాణ మీద కేంద్రం వేసిన కమిటీ రిపోర్టు వచ్చి నాలుగు నెలలు. ఏదీ కదలదు. మేం ఎంత అరిచినా అక్కడ ఎవరికీ వినపడదు. అసలు ఏదైనా ఎప్పటికైనా మారుతుందా అని మొదటిసారి అనిపించింది. ఇది ఎక్కడా అనకూడని మాట, ఇక్కడ రాస్తున్నాను.

పింకీ వచ్చి మోకాలి మీద గదవ ఆనించింది. నేను ఏమీ అనకుండానే కాలెత్తింది. బిస్కెట్ కోసం. ఇంట్లో బిస్కెట్లు లేవు.

మే 8

శేఖర్ వచ్చాడు. మా ఏరియా జేఏసీకి వాడే కన్వీనరు. గురువారం బంద్, ఆ రోజే ర్యాలీ. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ నుంచి ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా, నోళ్ళకు నల్లగుడ్డలు కట్టుకొని మౌనంగా. ఇన్నాళ్ళూ అరిచాం, ఈసారి అరవం. నోరు నొక్కేశారని లోకానికి చూపిస్తాం. ఆలోచన నాకు చాలా నచ్చింది. చౌరస్తాలో గుడ్డలు విప్పేదాకా ఒక్కరూ పెదవి కదపకూడదు, ప్రతిజ్ఞ.

మాట్లాడుతుండగా పింకీ వచ్చింది. చూపించకుండా ఉండలేకపోయాను. జై తెలంగాణ అన్నాను. కాలెత్తింది.

శేఖర్ లేచి నిలబడ్డాడు. "ఓరి నీ! దీని పేరేంది?"

"పింకీ."

"పేరు సుత గులాబీనే. మహేందర్, దీన్ని తోల్కరా. దీని మూతికి సుత నల్లగుడ్డ కడదాం. ముందల బ్యానరు, బ్యానరు ముందల ఇది. పేపరోళ్ళు వేరే ఫోటో దీస్తె నన్నడుగు."

"ఎండరా."

"పొద్దుగాల్నే మొదలువెడ్తం. ఎండ ముదిరేసరికి అయిపోతది. పిల్లలు పాణాలిస్తున్నరు, నువ్వు కుక్కకు ఎండ అంటవేంది?"

సరే, తెస్తానన్నాను.

శేఖర్ పోయాక అమ్మ: "ఒద్దు బిడ్డా. నమ్మి అప్పజెప్పిపోయిన్రు."

"ఎవలు నమ్మిన్రు? రెండు తాళాలేసుకునేటోళ్ళు నమ్ముతరా?"

"ఒక తాళంచెవి మన చేతులనే వెట్టిన్రు గదరా."

నేను గట్టిగా అరిచాను. ఏం అరిచానో రాయను.

మే 10

నల్లగుడ్డలు చించి పంచాం. పింకీ మూతికి ఒకటి చుట్టి చూశాను. కాళ్ళతో గీకింది, తల నేలకు రాసింది. కాసేపటికి ఊరుకుంది. అలవాటైంది అనుకుంటా.

మే 11

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా షాపులన్నీ తిరిగి రేపు మూయమని చెప్పి వచ్చాం. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. మా వీధి చివర పశువుల డాక్టరు మాత్రం "నాది క్లినిక్ కదా బాబూ, దవాఖానలకు మినహాయింపు కదా" అన్నాడు. మనుషుల దవాఖానలకే అన్నాను. శేఖర్‌ను అడగాలనుకున్నాను గానీ, ప్రతిదానికీ వాణ్ణి అడుగుతానా? నిర్ణయం తీసుకోవడం రాకపోతే నాయకత్వం ఎలా వస్తుంది? మూస్తానన్నాడు.

మే 12, పొద్దున

మబ్బు పట్టింది. గాలి చల్లగా ఉంది. చెప్పులు విప్పి నిలబడి చూశాను కూడా. ఏమీ కాలలేదు.

మే 12

పింకీ పోయింది. వడదెబ్బ.

మే 13

ఈ ఏడు ఎండలు మామూలుగా లేవు. పేపర్ నిండా వడదెబ్బ చావులే. మనుషులే ఆగడం లేదు, అంత బొచ్చున్న చలి దేశాల కుక్క ఆగుతుందా? ఇలాంటి కుక్కను ఈ దేశంలో పెంచడమే తప్పు. గొప్ప కోసం పెంచుతారు. దేశీ కుక్క అయితే ఏమీ అయ్యేది కాదు. కరెంటు తీయకపోతే బతికేది. కెమెరావాళ్ళు చెప్పిన వేళకు వచ్చి ఉంటే బతికేది.

ఫోటో వచ్చింది. జిల్లా పేజీలో, పైనే. బ్యానరు, మేము, ముందు పింకీ, మూతికి నల్లగుడ్డ, కుడికాలు పైకి. కింద "మూగ ఉద్యమానికి శునకం సలాం" అని రాశారు. శేఖర్ నాలుగు కాపీలు తెచ్చాడు. "దద్దరిల్లిపోయిందిరా" అన్నాడు. విషయం చెప్పాను. "అయ్యో" అన్నాడు. తర్వాత "అమరురాలైందిరా" అన్నాడు. నవ్వులాటకు అనలేదు. నిజంగానే అన్నాడు.

కాలర్ పట్టుకున్నాను. నాయిన విడిపించాడు.

ఇది రంగారెడ్డి జిల్లా ఎడిషన్. గుంటూరులో రాదు.

మే 14

ఆంటీ నిన్నా మొన్నా చేసింది. ఎత్తలేదు.

మే 15

రాస్తాను. ఇక్కడైనా వరసగా రాయాలి.

పొద్దున బయలుదేరాల్సింది బయలుదేరలేదు. వచ్చినవాళ్ళు తక్కువ, ఇంకా రానీ అన్నాడు శేఖర్. తర్వాత కెమెరాలు రానీ అన్నాడు. మబ్బు విడిపోయింది. అందాకా పింకీ బస్టాండ్ షెడ్డు నీడలో పడుకొనే ఉంది. నీళ్ళు తాగించాను. కెమెరాలు రాగానే "గుడ్డలు కట్టున్రి" అన్నాడు. నేనే కట్టాను. వదులుగా కడితే ఊడదీసుకుంటోందని గట్టిగా కట్టాను. తర్వాత నా నోటికి కట్టుకున్నాను.

నడిచాం. చైతన్యపురి దాటేదాకా బాగానే ఉంది. బాగానే ఉంది అని ఎందుకు రాశాను? తారు మెత్తగా అయి చెప్పులకు అంటుకుంటోంది. పింకీ డొక్కల మీద బొచ్చు ఎగిరెగిరి పడడం చూశాను, ముక్కుతో గబగబా గాలి పీలుస్తోంది. రోడ్డుకు రెండు పక్కలా జనం. కొత్తపేట దగ్గర అది కుడికాలు ఎత్తింది. జనం చప్పట్లు కొట్టారు. "సలాం కొడుతుందిరో!" అని ఎవరో అరిచారు. ఫోటోగ్రాఫర్లు వెనక్కి వెనక్కి నడుస్తూ తీశారు. దించి ఎడమకాలు ఎత్తింది. మళ్ళీ కుడి. శేఖర్ నా వైపు చూసి బొటనవేలు చూపించాడు. నా గుండె పొంగింది. పొంగింది, అబద్ధం ఎందుకు?

ఎవరూ జై అనలేదు. మౌన ర్యాలీ. అందరి నోళ్ళూ కట్టి ఉన్నాయి. జై అనే మాట వినకుండా అది కాలెందుకు ఎత్తింది?

నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చాక కాదు, మరునాడు కాదు. రోడ్డు మీద, అక్కడే, చప్పట్ల మధ్యనే తెలిసింది. మా వీధి మలుపు పక్కనే ఉంది. వంగి ఎత్తుకొని వీధిలోకి పోతే సరిపోయేది. అది నన్ను చూసింది. నేను కెమెరా వైపు చూశాను. ప్రతిజ్ఞ అనుకున్నాను. ఇంకొంచెమే అనుకున్నాను.

చౌరస్తా దగ్గర పడిపోయింది. గుడ్డ విప్పబోతే ముడి రాలేదు, జొల్లుకు తడిసి బిగుసుకుపోయింది. పళ్ళతో కొరికి తెంపాను. నాలుక చూశాను. అది నాలుక రంగు కాదు. ఎవరో వాటర్ పాకెట్లు చింపి పోశారు. నా చుట్టూ అందరూ అప్పుడే నోళ్ళు విప్పి జై కొడుతున్నారు, అంతమంది ఒక్కసారే. నేను "ఆపున్రి" అని అరుస్తున్నా నా మాట నాకే వినిపించలేదు.

నాయిన బండి ఆటోస్టాండ్‌లోనే ఉంది. దాన్ని ఎత్తుకొని ఉరికాను.

"నాయినా, బండి తియ్, జల్ది!"

"ఎట్ల తియ్యాలెరా? పొద్దుగాల్నే మీ పోరగాళ్ళు తాళంచెవి గుంజుకున్నరు."

స్టాండ్ కాస్తున్నది హయత్‌నగర్ వైపు కుర్రాళ్ళు, నన్నెరగరు. మెడలో నల్లగుడ్డ చూపించాను. నేను మీవాణ్ణే, కొత్తపేట జేఏసీ అన్నాను.

"మావోడివైతె బంద్ నాడు బండెందుకన్నా?"

"పాణం పోతుంది, సూడు!"

ఒకడు తొంగి చూశాడు. "కుక్క గదన్నా."

పోయిన నెల అయితే నేనూ అదే అనేవాణ్ణి. తాళంచెవి ఉన్నవాడు చాయ్‌కి పోయాడన్నారు. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. బంద్ రోజు చాయ్ ఎక్కడ దొరుకుతుంది? మేమే మూయించాం.

నాయిన తల మీది తువ్వాల తీసి, నీళ్ళలో ముంచి, పింకీ మీద కప్పాడు. ఇద్దరం నడిచాం, ఉరికాం. కొంతదూరం నేను, కొంతదూరం ఆయన. దారిలో నా చెప్పు తెగింది. రెండోది కూడా విడిచేశాను. అప్పుడు తెలిసింది ఆ రోడ్డు. నాకు గట్టి పాదాలు, చిన్నప్పుడు ఊళ్ళో చెప్పులు లేకుండా తిరిగినవాణ్ణి. అయినా ఒక కాలు ఎత్తి ఒక కాలు వేశాను. కుడి. ఎడమ. మళ్ళీ కుడి.

క్లినిక్ షట్టరు మూసి ఉంది. బాదాను. లోపల ఎవరూ లేరు. షట్టరు మీది ఫోన్ నంబరుకు చేస్తే స్విచాఫ్.

ఇంట్లో కరెంటు లేదు. అమ్మ తడి గడ్డి మీద పడుకోబెట్టి, పొట్టకు, పాదాలకు తడిగుడ్డ వేస్తూ, విసనకర్రతో విసురుతూ కూర్చుంది. దాని పాదాల కింద తోలు ఊడింది. ఒకసారి కళ్ళు తెరిచింది. మువ్వ ఒకసారి కదిలింది. "జై తెలంగాణ" అన్నాను. ఎందుకు అన్నానో. కాలెత్తుతుందేమోనని.

కరెంటు వచ్చింది. కూలర్ దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. అమ్మ విసరడం ఆపలేదు. కాసేపయ్యాక నాయినే ఆమె చేతిలోంచి విసనకర్ర తీసుకున్నాడు.

పెరట్లో ఆంటీ మల్లెపాదు పక్కన పెట్టాం. నేల గట్టిగా ఉంది. అమ్మ మెడపట్టీ విప్పి కడిగి కిటికీలో పెట్టింది.

ఆ రోజు నుంచి అమ్మ నాతో ఒక్కటే మాట మాట్లాడింది: "నోరు గట్టినవ్ గదరా." తిట్టినట్టు కూడా కాదు. అర్థంకాక అడిగినట్టు.

మే 16

శేఖర్ రాజధాని ముట్టడి కరపత్రం రాసిపెట్టమని మనిషిని పంపాడు. "సోదరులారా" అని రాశాను. తర్వాత ఏమీ రాలేదు. ఉద్యమం తప్పు కాదు. ఇది ఇప్పుడూ అంటాను, ఎప్పుడూ అంటాను. మాది న్యాయం. మరి ఆ న్యాయం పింకీ ఎందుకు మోయాలి? దానికి ఏ రాష్ట్రమూ అక్కర్లేదు. తెల్లారకముందు ఓసారి, పొద్దుగూకాక ఓసారి తిప్పితే చాలు.

కాగితం చింపేశాను. నేను రాయకపోయినా ఇంకెవరో రాస్తారు.

మే 17

ఆంటీ ఫోన్ ఎత్తాను. చెప్పేద్దామనే ఎత్తాను. ఇది నిజం.

"హమ్మయ్య, ఎన్నిసార్లు చేశాను నాయనా! గొడవలంటున్నారు, మీరంతా క్షేమమేనా? అమ్మ బాగుందా? నువ్వేం పోలీసుల దెబ్బలూ అవీ..."

"బాగున్నం ఆంటీ."

"చాలు. బంద్ అని టీవీలో చూసి భయమేసింది. మా భయమంతా నీ గురించే, దుడుకువాడివి. సరే, ఏదీ, మా పిల్లదాని చెవి దగ్గర పెట్టు."

పెట్టడానికి చెవి లేదు. ఫోన్ అలా పట్టుకొని నిలబడ్డాను. అందులోంచి చిన్నగా "పింకమ్మా! పింకమ్మా!" అని వినిపిస్తోంది. ఎంతసేపు పిలుస్తుందో. ఆమె గొంతులో కంగారు మొదలైంది.

కిటికీలోంచి మెడపట్టీ తీసి ఊపాను.

మువ్వ మోగింది. అటువైపు నవ్వు. "వినపడిందిలే, నాకది చాలు."

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను తల తిప్పుకున్నాను.

మే 18

ఊపాను.

మే 20

వానలు పడ్డాక వస్తారు. అప్పుడు ఎదురుగా చెప్తాను. ఫోన్లో చెప్పే మాట కాదు ఇది. పట్టాభి గారికి ఆపరేషన్ పచ్చిగా ఉంది, ఇప్పుడు చెబితే ఇద్దరూ కుంగిపోతారు. కాబట్టి ఊపడం వాళ్ళ మంచికే.

పై మాట మళ్ళీ చదివాను. కరపత్రంలా ఉంది.

మే 23

ఆంటీ చేసింది. ముందు పట్టాభి గారు మాట్లాడారు. ఎప్పుడూ నాతో నేరుగా మాట్లాడని మనిషి.

"మహేందరూ, ఇల్లు బేరానికి పెట్టామయ్యా. ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాం. ఈ కాలుతో, ఈ భయంతో అక్కడ... నీకు తెలీనిదేముంది? కొనేవాళ్ళతో మాట్లాడతా, మిమ్మల్ని కదిలించొద్దని. ఒప్పుకుంటారో లేదో మరి. మీ నాన్నకు చెప్పు."

ఇదే కదా నేను గోడల మీద రాసింది. ఇదే కదా కోరింది. రెండు తాళాల మనిషి వెళ్ళిపోతున్నాడు. ఏదో అనిపించాలి. ఏమీ అనిపించలేదు. "అంకుల్, అట్ల ఎందుకు, ఉండున్రి" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆయన "పెద్దమనసు నీది" అన్నాడు.

తర్వాత ఆంటీ. ఏడుస్తోంది.

"పింకీని కూడా తెచ్చుకుందామనే అనుకున్నాం నాయనా. ఇక్కడ మాది పై వాటా, ఈ ఎండకి అది బతకదు. అదీగాక ఇన్నాళ్ళు నీ దగ్గరే ఉంది, నీకు మాలిమైంది. నువ్వెంత ప్రాణంగా చూస్తున్నావో నాకు తెలుసు, రోజూ మువ్వ వింటూనే ఉన్నాగా. దాన్ని నువ్వే ఉంచుకో. ఇంక అది నీదే."

"ఆంటీ..."

"కాదనకు. ఆ ఒక్క దిగులు లేకుండా చెయ్యి నాకు."

నేను నోరు తెరిచాను. ఇప్పుడు ఏ గుడ్డా లేదు.

"సరే ఆంటీ" అన్నాను.

"ఒక్కసారి దాని చెవి దగ్గర పెట్టు."

మే 24

ఎండ నిన్నటి కంటే ఎక్కువ. కూలర్ వేశాను. అమ్మ కింద పడుకోవడం లేదు, పైన రేకుల కిందే తడి చీర కప్పుకొని పడుకుంటోంది. పిలిచినా రాలేదు.

పింకీ తొట్టి నీడలోకి జరిపి నీళ్ళు పోశాను.